అంకెల వడపోత: అమెరికా రెసిడెన్సీ ఎంపికలో గ్రేడ్లు, పరీక్షా స్కోర్లు

అమెరికాలో వైద్యకళాశాల చదువు ముగించి పట్టా పుచ్చుకున్నంత మాత్రాన స్వతంత్రంగా వైద్యం చేసే లైసెన్సు చేతికి రాదు. ఆ తర్వాత ఏదో ఒక ఆసుపత్రిలో, జీతం తీసుకుంటూ, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కొన్నేళ్లు శిక్షణ పొందవలసి ఉంటుంది. ఇంటర్నల్ మెడిసిన్‌కూ పిల్లల వైద్యానికీ మూడేళ్లు, న్యూరోసర్జరీకి ఏడేళ్లు పట్టే ఈ శిక్షణనే రెసిడెన్సీ అంటారు. ఇందులో చోటు ఎవరికి దక్కాలి, ఆ నిర్ణయంలో కళాశాల గ్రేడ్లకూ లైసెన్సు పరీక్షల స్కోర్లకూ ఎంత విలువ ఇవ్వాలి, ఇప్పుడు ఇస్తున్న విలువ న్యాయమైనదేనా అన్న చర్చ ఆ దేశపు వైద్యవిద్యా రంగంలో మూడు దశాబ్దాలుగా తెగకుండా సాగుతోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఎంబీబీఎస్ ముగించుకొని ఏటా ఈ దారి పట్టే యువ వైద్యులకూ, వారి చదువు కోసం ఉన్నదంతా ఊడ్చి పెట్టే తల్లిదండ్రులకూ ఇది ఎక్కడో జరుగుతున్న చర్చ కాదు కనుక, దాని మూలాలనూ, రెండు వైపుల వాదనలనూ, ఇటీవలి మార్పులనూ ఒక క్రమంలో పరిశీలించవలసి ఉంది.

ముందుగా సీట్ల పంపిణీ ఎలా జరుగుతుందో చూడాలి. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో అమెరికా ఆసుపత్రులు మంచి విద్యార్థులను తక్కినవారికన్నా ముందే పట్టుకోవాలన్న ఆత్రంతో ఏటికేడు తొందరపడి, చదువు పూర్తికావడానికి రెండేళ్ల ముందే ఇంటర్న్‌షిప్ చోట్లు ఖాయం చేసే స్థితికి వచ్చాయి. ఆ గందరగోళానికి విరుగుడుగా 1952లో జాతీయ స్థాయి ‘మ్యాచ్’ మొదలైంది. ఇందులో అభ్యర్థి తాను ఇంటర్వ్యూకు వెళ్లివచ్చిన శిక్షణ కేంద్రాలను, అంటే ప్రోగ్రాములను, తన ఇష్టం కొద్దీ వరుస పెడతాడు. ప్రోగ్రాములు కూడా తాము చూసిన అభ్యర్థులను అలాగే వరుస పెడతాయి. రెండు జాబితాలనూ కంప్యూటర్ జతపరచగా, ఎవరికి ఎక్కడ చోటు దొరికిందో మార్చి నెల మూడో శుక్రవారం తెలుస్తుంది. 1998 మ్యాచ్ నుంచి అభ్యర్థి ఇష్టానికే మొగ్గు ఉండేలా లెక్కింపు పద్ధతిని సవరించిన ఆర్థికవేత్త ఆల్విన్ రాత్‌కూ, ఈ తరహా జతకూర్పు సిద్ధాంతానికి డేవిడ్ గేల్‌తో కలిసి 1962లోనే పునాది వేసిన లాయిడ్ షాప్లీకీ 2012లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఈ లెక్క ఎంత న్యాయంగా ఉన్నా అది వర్తించేది ఇంటర్వ్యూ దాకా చేరినవారికే. ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలన్నది పూర్తిగా ప్రోగ్రాముల ఇష్టం. గ్రేడ్లూ స్కోర్లూ నిజంగా శాసించేది ఆ గడప దగ్గరే.

ఈ చర్చకు కేంద్రమైనది యూఎస్‌ఎంఎల్‌ఈ అనే లైసెన్సు పరీక్ష. అమెరికాలో చదివినవారికీ బయటి దేశాల్లో చదివినవారికీ వేర్వేరుగా ఉన్న పాత పరీక్షల స్థానంలో అందరికీ ఒకటే కొలత ఉండాలన్న ఉద్దేశంతో 1992లో ఇది ప్రారంభమైంది. శరీర నిర్మాణం, జీవరసాయనం, వ్యాధి విజ్ఞానం వంటి మౌలిక శాస్త్రాలను పరీక్షించేది స్టెప్-1. రోగి ముందుకు వచ్చినప్పుడు ఏం చేయాలో అడిగేది స్టెప్-2 సీకే. రెసిడెన్సీ మొదలయ్యాక సాధారణంగా రాసేది స్టెప్-3. వైద్యుడిగా పనిచేయడానికి కావలసిన కనీస జ్ఞానం ఉందా లేదా అని తేల్చడమే వీటి చట్టబద్ధమైన పని. ఉత్తీర్ణుల్లో ఎవరు ఎవరికన్నా మిన్న అని చెప్పడం కోసం ఈ పరీక్షలను రూపొందించలేదు. కానీ ఫలితంతో పాటు మూడంకెల స్కోరు కూడా ఇవ్వడంతో, ప్రోగ్రాముల చేతికి ఎవరూ అనుకోని కొలబద్ద దొరికింది. తొలి రోజుల్లో స్టెప్-1 సగటు 200 దగ్గర ఉండగా, 2020 నాటికి అమెరికా విద్యార్థుల సగటు 235 దాకా ఎగబాకింది. ఆ ఎగబాకుడు వెనుక జ్ఞానం పెరగడం ఎంత ఉందో, యూవరల్డ్ ప్రశ్నల భాండాగారం, ఫస్ట్ ఎయిడ్ పుస్తకం, ఆంకీ కార్డులతో సాగే ప్రత్యేక సాధన కూడా అంతే ఉంది. విద్యార్థులు మొదటి రెండేళ్ల తరగతి బోధనను పక్కనపెట్టి ఈ సాధనలోనే మునిగిపోతున్నారని అధ్యాపకులు వాపోయే దాకా వచ్చింది.

స్కోరుకు ఇంత పలుకుబడి ఎందుకు వచ్చిందో తెలియాలంటే ప్రోగ్రాము కార్యాలయంలో దరఖాస్తులు తెరుచుకునే రోజున ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. ఏడాదికి పదిపదిహేను మందిని తీసుకునే ఒక మోస్తరు ఇంటర్నల్ మెడిసిన్ ప్రోగ్రాముకు వేలల్లో దరఖాస్తులు వస్తాయి. ఒక్కో దరఖాస్తులో స్వీయ వ్యాసం, మూడు నాలుగు సిఫారసు లేఖలు, డీన్ పంపే పలు పేజీల మదింపు లేఖ, గ్రేడ్ల పట్టిక, పరిశోధన పత్రాల జాబితా ఉంటాయి. రోగులను చూసుకుంటూ, ఉన్న రెసిడెంట్ల బాగోగులు కనిపెట్టుకుంటూ, కొద్ది వారాల్లో వీటన్నిటినీ చదవడం ప్రోగ్రామ్ డైరెక్టర్ వల్ల అయ్యే పని కాదు. దరఖాస్తులు చేరే ఈరాస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో వడపోత సదుపాయం ఉంది: ఫలానా స్కోరుకు తక్కువైనవారు, ఏ స్టెప్‌లోనైనా ఒకసారి తప్పినవారు, పట్టా పొంది ఇన్నేళ్లు దాటినవారు, వీసా అవసరమైనవారు అని గడులు నింపితే జాబితా క్షణంలో కుదించుకుపోతుంది. ఆ క్షణంలో తెరపై నుంచి మాయమైనవారి లేఖలు ఎంత గొప్పవైనా వాటిని తెరిచి చూసే మనిషి ఉండడు. 2018లో ప్రోగ్రామ్ డైరెక్టర్ల మీద జరిగిన సర్వేలో నూటికి 94 మంది ఇంటర్వ్యూ పిలుపుకు స్టెప్-1 స్కోరును లెక్కలోకి తీసుకుంటామని చెప్పడానికి కారణం ఇదే. అదే సర్వేలో, ఇంటర్వ్యూ అయ్యాక తుది వరుస పెట్టేటప్పుడు మాత్రం అభ్యర్థి మాట తీరు, అధ్యాపకులతోనూ రెసిడెంట్లతోనూ మెలిగిన తీరు స్కోరును మించి పైకి వచ్చాయి. స్కోరు తలుపు తెరుస్తుందే కాని లోపల కూర్చోబెట్టదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇక ఆ స్కోరు ఏ మేరకు నమ్మదగినది అన్న శాస్త్రీయ ప్రశ్న మిగిలింది. పరీక్షల శాస్త్రంలో దీన్ని రెండు భాగాలుగా విడదీసి చూస్తారు. అదే మనిషి అదే స్థాయి పరీక్షను మళ్లీ రాస్తే దాదాపు అదే ఫలితం వస్తుందా అన్నది విశ్వసనీయత. ఆ ఫలితం మనం తెలుసుకోదలచిన గుణాన్ని నిజంగా కొలుస్తోందా అన్నది సప్రమాణత. యూఎస్‌ఎంఎల్‌ఈ విశ్వసనీయమైన పరీక్షే అయినా, ఏ కొలతలోనైనా ఉండే సహజమైన ఊగిసలాట ఇందులో కూడా ఉంది. ఒక వ్యక్తి స్కోరు అటూ ఇటూ సుమారు ఆరు పాయింట్లు మారవచ్చు. కాబట్టి 238 వచ్చినవారికీ 243 వచ్చినవారికీ జ్ఞానంలో తేడా ఉందని చెప్పడానికి ఆధారం లేదు. అయినా కటాఫ్ 240 దగ్గర గీస్తే వారిలో ఒకరికి పిలుపు వస్తుంది, మరొకరికి రాదు. సప్రమాణత విషయంలో సాక్ష్యం రెండు పాయలుగా చీలి ఉంది. 2011లో మెక్‌గేగీ, కోహెన్, వేన్ అనే పరిశోధకులు స్టెప్-1, స్టెప్-2 స్కోర్లను రెసిడెంట్ల చేతిపనితో, అంటే గుండె చప్పుళ్లను గుర్తించడం, రక్తనాళంలోకి గొట్టం ఎక్కించడం వంటి నైపుణ్యాలతో, పోల్చి చూడగా సహసంబంధం సున్నాకు ఏమంత దూరంలో లేదని తేలింది; వారికి కనిపించిన విలువలు మైనస్ 0.05 నుంచి 0.29 దాకా మాత్రమే ఉన్నాయి. రాతపరీక్షలో మెరిసినవాడు సూది పట్టడంలోనూ మెరుస్తాడనడానికి ఆధారం దొరకలేదన్నమాట.

అయితే ఇంతటితో స్కోర్లకు అర్థమే లేదని తీర్మానించేవారు రెండో పాయను చూడడం లేదు. రెసిడెన్సీ చివర రాసే స్పెషాలిటీ బోర్డు పరీక్షలో ఎవరు గట్టెక్కుతారో స్టెప్ స్కోర్లు బాగానే సూచిస్తాయి. తన రెసిడెంట్లు బోర్డు తప్పితే ప్రోగ్రాము గుర్తింపుకే ఇబ్బంది వస్తుంది కనుక డైరెక్టర్లు దీన్ని తేలిగ్గా తీసుకోలేరు. అంతకన్నా బరువైన సాక్ష్యం 2014లో వచ్చింది. జాన్ నార్సినీ బృందం పెన్సిల్వేనియా రాష్ట్రంలో గుండెపోటు, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన 60,958 సందర్భాలను, వారికి వైద్యం చేసిన 2,525 మంది విదేశీ పట్టభద్రులైన వైద్యులను పరిశీలించి, స్టెప్-2 సీకేలో ఒక్కో పాయింటు పెరిగేకొద్దీ రోగుల మరణాలు 0.2 శాతం చొప్పున తగ్గాయని చూపింది. ఒక పాయింటుకు అది చిన్న తేడాగానే కనిపించినా, ఇరవై పాయింట్ల అంతరంలో అది రోగుల ప్రాణాలకు సంబంధించిన మాట అవుతుంది. మౌలిక శాస్త్రాల పరీక్షకూ రోగి చికిత్స పరీక్షకూ మధ్య ఉన్న వ్యత్యాసాన్ని కూడా ఈ అధ్యయనంతో పాటే గుర్తుంచుకోవాలి. దశాబ్దాల పాటు ప్రోగ్రాములు ఎక్కువగా పట్టుకు వేళ్లాడింది మొదటిదాన్ని, రోగి క్షేమంతో ముడిపడినట్టు తేలింది రెండోది.

స్కోర్ల మీద ఆధారపడడం తప్పైతే కళాశాల గ్రేడ్లను నమ్మవచ్చు కదా అన్న వాదన సహజంగానే వస్తుంది. దురదృష్టవశాత్తు గ్రేడ్ల పరిస్థితి అంతకన్నా అధ్వానంగా ఉంది. చాలా అమెరికన్ కళాశాలలు మొదటి రెండేళ్ల చదువులో పాస్-ఫెయిల్ తప్ప వేరే గ్రేడు ఇవ్వవు. యేల్ వంటి చోట ఈ సంప్రదాయానికి దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. అందుచేత పోల్చడానికి మిగిలేవి మూడో ఏట వార్డుల్లో పనిచేసినప్పుడు వచ్చే క్లర్క్‌షిప్ గ్రేడ్లే. ఇవి కొంత షెల్ఫ్ పరీక్షలనే సబ్జెక్టు పరీక్షల మీద, చాలావరకు పర్యవేక్షించిన వైద్యుల అభిప్రాయం మీద ఆధారపడతాయి. 2012లో ప్రచురితమైన ఒక జాతీయ పరిశీలన ప్రకారం, అత్యున్నత గ్రేడు పొందినవారి శాతం ఒక కళాశాలలో 2 ఉంటే మరో కళాశాలలో 93 ఉంది. ఇలాంటప్పుడు ‘ఆనర్స్’ అన్న గ్రేడు చూసి అభ్యర్థి గురించి ఏమి తెలుసుకోవాలో పరాయి ఊరి డైరెక్టర్‌కు అర్థం కాదు. పైగా మనిషి మనిషిని అంచనా వేసే చోట పక్షపాతానికి చోటు దొరుకుతుంది. 1902లో మొదలైన ఆల్ఫా ఒమేగా ఆల్ఫా అనే గౌరవ సంఘంలో సభ్యత్వం దరఖాస్తులో పెద్ద అలంకారం. కానీ 2017లో వెలువడిన బోట్‌రైట్ బృందం అధ్యయనంలో, ఇతర అర్హతలను సరిచూసుకున్న తర్వాత కూడా నల్లజాతి విద్యార్థులకన్నా తెల్లజాతి విద్యార్థులకు ఈ సభ్యత్వం దక్కే అవకాశం దాదాపు ఆరు రెట్లు ఉన్నట్టు తేలింది. వార్డు మార్కుల్లో కనిపించే ఇసుమంత తేడా గ్రేడుగా మారేటప్పుడు పెద్దదై, గౌరవ సభ్యత్వంగా మారేటప్పుడు మరింత పెద్దదవుతుందని కాలిఫోర్నియా పరిశోధకులు చూపారు. స్కోరు కటాఫ్ కూడా ఈ విషయంలో నిర్దోషి కాదు. స్టెప్-1 కటాఫ్ పెట్టుకుంటే నల్లజాతి అభ్యర్థులు హెచ్చు సంఖ్యలో ఇంటర్వ్యూకు దూరమవుతారని 2001లోనే ఒక అధ్యయనం హెచ్చరించింది.

ఈ విమర్శలన్నీ కలిసి 2019 మార్చిలో యూఎస్‌ఎంఎల్‌ఈ స్కోరింగ్‌పై ఒక ప్రత్యేక సదస్సుకు దారితీశాయి. 2020 ఫిబ్రవరిలో నిర్ణయం వెలువడింది. 2022 జనవరి 26 నుంచి స్టెప్-1 రాసినవారికి మూడంకెల స్కోరు ఇవ్వడం మానేసి పాస్ లేక ఫెయిల్ అని మాత్రమే చెబుతున్నారు. అదే రోజున ఉత్తీర్ణతా ప్రమాణాన్ని 194 నుంచి 196కు పెంచారు. రోగి పాత్రధారుల ఎదుట నైపుణ్యం చూపవలసిన స్టెప్-2 సీఎస్ అనే పరీక్షను కోవిడ్ కాలంలో నిలిపివేసి, 2021 జనవరిలో పూర్తిగా రద్దు చేశారు. విద్యార్థుల మీద ఒత్తిడి తగ్గించడం సంస్కర్తల ఆశయం. ఆ ఆశయం మంచిదే. కానీ దరఖాస్తుల సంఖ్య తగ్గలేదు, వడపోత అవసరం తీరలేదు. స్టెప్-1 స్కోరు అడిగిన గడిలో ఇప్పుడు స్టెప్-2 సీకే స్కోరు వచ్చి కూర్చుంది. ఒకప్పుడు దరఖాస్తు వేశాక తీరిగ్గా రాసే ఈ పరీక్షను ఇప్పుడు సెప్టెంబరు కన్నా ముందే రాసి మంచి స్కోరు చేత పట్టుకొని రావలసి వస్తోంది. అమెరికా విద్యార్థుల సగటు 250కి దగ్గరగా చేరింది. ఉత్తీర్ణతా ప్రమాణం 2022 జులైలో 209 నుంచి 214కు పెరిగింది. మరోవైపు స్కోరు పోయింది కదా అన్న అలసత్వమో, ప్రమాణం పెరగడమో కాని, బయటి దేశాల కళాశాలల నుంచి తొలిసారి స్టెప్-1 రాసినవారి ఉత్తీర్ణత 2021లో 82 శాతం ఉండగా 2022లో 74 శాతానికి పడిపోయింది. భారాన్ని ఒక భుజం మీద నుంచి దించి మరో భుజానికి ఎత్తినట్టయింది.

అసలు సమస్య దరఖాస్తుల వరదలో ఉందని గ్రహించి జరిగిన ప్రయత్నాల్లో మెచ్చుకోదగినది ‘సిగ్నల్’ పద్ధతి. చెవి, ముక్కు, గొంతు విభాగం 2020–21 దరఖాస్తుల కాలంలో దీన్ని మొదలుపెట్టింది. ప్రతి అభ్యర్థికీ ఐదు సిగ్నళ్లు ఇచ్చి, తనకు నిజంగా మక్కువ ఉన్న ప్రోగ్రాములకు వాటిని పంపమన్నారు. తర్వాత ఇతర విభాగాలు దీన్ని అందిపుచ్చుకోగా ఆర్థోపెడిక్స్ ముప్పై దాకా ఇచ్చింది. సిగ్నల్ వచ్చిన దరఖాస్తును మొత్తంగా చదవడానికి డైరెక్టర్‌కు వ్యవధి చిక్కుతుంది కనుక స్కోరు కటాఫ్ మీద ఆధారపడే అవసరం కొంతైనా సడలుతుంది.

ఈ మొత్తం చర్చలో విదేశీ పట్టభద్రుల గొంతు తక్కువగా వినిపించింది, నష్టం మాత్రం వారికే ఎక్కువగా జరిగింది. ఉస్మానియా, గాంధీ, ఆంధ్ర, గుంటూరు, కాకతీయ వైద్యకళాశాలల పేర్లు మన ఇళ్లలో ఎంత గౌరవంగా పలికినా, అక్కడి పూర్వవిద్యార్థులు పనిచేస్తున్న కొన్ని ఆసుపత్రులను మినహాయిస్తే, అమెరికా ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు వాటి మధ్య తేడా తెలియదు. మన ఆరోగ్య విశ్వవిద్యాలయం పరీక్షలో 65 శాతం రావడం ఎంత కష్టమో, 75 శాతంతో డిస్టింక్షన్ తెచ్చుకోవడం ఎంత అరుదో ఆయనకు తెలిసే వీలు లేదు. స్టెప్ స్కోర్లే వరంగల్ విద్యార్థినీ బోస్టన్ విద్యార్థినీ ఒకే కొలబద్ద మీద నిలబెట్టేవి. స్టెప్-1లో 255 తెచ్చుకున్న తెలుగు వైద్యురాలి దరఖాస్తు ఆ అంకె బలంతోనే తెరుచుకునేది. సంస్కరణ ఆ అవకాశాన్ని సగానికి కుదించింది, ఎందుకంటే ఇప్పుడు ఆమె చేతిలో ఉన్న అంకె స్టెప్-2 సీకే స్కోరు ఒక్కటే. పైగా ఉత్తీర్ణులైన స్టెప్‌ను స్కోరు పెంచుకోవడం కోసం మళ్లీ రాయనివ్వరు. ఒక స్టెప్‌కు గరిష్ఠ ప్రయత్నాల సంఖ్యను కూడా 2021 జులైలో ఆరు నుంచి నాలుగుకు తగ్గించారు. తప్పిన ప్రయత్నం పట్టికలో శాశ్వతంగా కనిపిస్తుంది. 2024 మ్యాచ్‌లో అమెరికా ఎం.డి. విద్యార్థుల్లో 93.5 శాతానికి చోటు దొరకగా, అమెరికా పౌరసత్వం లేని విదేశీ పట్టభద్రుల్లో దొరికింది 58.5 శాతానికే. ఆ అంతరం అంతా స్కోర్ల వల్ల వచ్చింది కాదు. వీసా, పట్టా పొందిన సంవత్సరం, అమెరికా ఆసుపత్రిలో పనిచేసిన అనుభవం, అక్కడి వైద్యులు రాసిన లేఖలు దానిలో పెద్ద పాత్ర వహిస్తాయి. హెచ్-1బీ వీసా కోరేవారు రెసిడెన్సీకి ముందే స్టెప్-3 కూడా ముగించుకోవాలి.

మన దేశపు పద్ధతితో పోల్చినప్పుడు అమెరికా పద్ధతిలోని మంచిచెడ్డలు రెండూ తేటపడతాయి. ఇక్కడి పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీలో 200 ప్రశ్నలు, 800 మార్కులు. ఎంబీబీఎస్‌లో వచ్చిన మార్కులకు విలువ లేదు, లేఖలు లేవు, ఇంటర్వ్యూ లేదు, ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో సీటు. సిఫారసుకు తావు లేకపోవడం దీని గొప్ప సుగుణం. రోగితో మాట్లాడడం చేతకాని వ్యక్తికి సైకియాట్రీ సీటు రావడాన్ని ఏ దశలోనూ ఆపలేకపోవడం దీని లోపం. సీట్లు మిగిలిపోతున్నాయని 2023లో అర్హతా పర్సంటైల్‌ను సున్నాకు దించినప్పుడు, కనీస జ్ఞానానికి హామీగా ఉండవలసిన గీతనే చెరిపేసినట్టయింది. అమెరికా పరీక్షలో కనీస గీత కాలంతో పాటు పైకే కదిలింది. అది అనుసరించదగిన విషయం.

ఇంతవరకు చూసిన సాక్ష్యాన్ని బట్టి ఒక నిర్ణయానికి రావచ్చు. రోగి క్షేమంతో సంబంధం ఉన్న స్టెప్-2 సీకే స్కోరును ఒక కనీస మెట్టుగా వాడుకోవడం సమంజసమే. ఆ మెట్టు దాటినవారిని నాలుగైదు పాయింట్ల తేడాతో ఎక్కువ తక్కువలుగా వరుస పెట్టడం శాస్త్రసమ్మతం కాదు. కళాశాలలు తమ గ్రేడ్ల శాతాలను ఒక తీరుకు తెచ్చుకొని, దరఖాస్తుల సంఖ్యకు సిగ్నళ్ల ద్వారా గాని, పరిమితి ద్వారా గాని పగ్గం వేయనంత కాలం, ఏ పరీక్ష స్కోరును దాచినా మరో పరీక్ష ఆ స్థానంలోకి వస్తూనే ఉంటుంది.

ఈ దారిలో అడుగుపెట్టదలచిన తెలుగు విద్యార్థులు ఎంబీబీఎస్‌లో ఏ సబ్జెక్టులోనూ ఫెయిల్ కాకుండా చూసుకోవాలి, స్టెప్-1 పాస్ అయితే చాలన్న మాటను అలుసుగా తీసుకోకుండా సాధన పరీక్షల్లో నిలకడగా గట్టెక్కిన తర్వాతనే తేదీ తీసుకోవాలి, స్టెప్-2 సీకేకు కావలసినంత వ్యవధి కేటాయించుకోవాలి. కోచింగ్ కోసం, ప్రయాణాల కోసం, దరఖాస్తు రుసుముల కోసం అప్పు చేయబోయే తల్లిదండ్రులు అంతకు ముందే 58.5 శాతమన్న ఆ అంకెను పిల్లలతో కలిసి కూర్చుని చూడాలి, ఇక్కడి నీట్ పీజీ దారిని మూసుకోకుండా ఉంచుకోవాలి.